నరసాపురం మెమూ ఎక్కి తీరం చూసొద్దాం: ఏ స్టేషన్‌లో దిగాలి, ఎలా తిరగాలి

నరసాపురం మెమూ, అంటే ఊరూరా ఆగే కరెంటు పాసింజరు రైలు, సముద్రం దాకా వెళ్లదు. ఈ ఒక్క సంగతి ముందే తెలుసుకుని బయల్దేరితే సగం టెన్షన్ తగ్గుతుంది. పట్టాలు గోదావరి పాయ వశిష్ఠకి ఇవతలే, ఊళ్లోనే ఆగిపోతాయి. అక్కణ్ణుంచి పేరుపాలెం బీచ్‌కి పోవాలన్నా, ఏరు దాటి అంతర్వేది పోవాలన్నా బస్సో ఆటోనో పంటో (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే బల్లపరుపు పడవ) పట్టుకోవాల్సిందే. అందుకే చాలామంది రైలెందుకులే అని కారేసుకుని తిన్నగా బీచ్‌కి పోయి, ఓ గంట నీళ్లలో ఆడి, బిర్యానీ తిని చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. దారిలో భీమవరం, పాలకొల్లు, నరసాపురం వచ్చాయన్న సంగతి వాళ్లకి ట్రాఫిక్‌లో ఆగినప్పుడే తెలుస్తుంది. నా మటుకు నాకు ఈ తీరం అంటే ఆ ఊళ్లే. వాటిని చూడ్డానికి పాసింజరు రైలంత మంచి సాధనం ఇంకోటి లేదు, ఎందుకంటే అది ప్రతి ఊరి నడిబొడ్డున దింపుతుంది, పార్కింగ్ గొడవ లేదు, పక్కన కూర్చున్నవాళ్లే దారి చెబుతారు.

ముందు తిరుగు రైలు చూసుకోండి

ఈ ట్రిప్పులో అందరూ పోయే రైలు గురించే కనుక్కుంటారు. మీరు వచ్చే రైలు దగ్గర మొదలుపెట్టండి. సాయంత్రం నరసాపురంలో ఏ రైలెక్కి వెనక్కి రావాలో ముందు ఖాయం చేసుకుని, దానికి గంట ముందు ఊళ్లో ఉండేలా చూసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి: పంటు దాటడానికి ఎంత, బీచ్ నుంచి ఆటోలో ఎంత, భోజనానికి ఎంత. ఇలా లెక్కేస్తే ఒక్క రోజులో ఏరు దాటడం, బీచ్ రెండూ పెట్టుకోకూడదని మీకే తెలిసిపోతుంది. ఒక రోజు అంతర్వేది, ఒక రోజు పేరుపాలెం. ఒక్కరోజే వీలుంటే ఏదో ఒకటే ఎంచుకోండి.

టైమింగులు మారుతూ ఉంటాయి కాబట్టి ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత టైంటేబుల్ నమ్ముకోవద్దు. బయల్దేరే రోజు పొద్దున రైళ్ల రాకపోకలు చూపే ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసుకోండి, లేదా 139కి ఫోన్ చేయండి. యాప్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: తెలంగాణలో మెదక్ వైపు కూడా ఒక నర్సాపూర్ ఉంది, మ్యాపుల్లో అది ముందు కనబడితే తికమక పడతారు. మన స్టేషన్ కోడ్ ఎన్ఎస్. పాలకొల్లుది పీకేఓ. భీమవరానికి రెండు స్టేషన్లున్నాయి, టౌన్, జంక్షన్. టౌన్ కోడ్ బీవీఆర్‌టీ, జంక్షన్‌ది బీవీఆర్ఎం. గుడివాడ, ఆకివీడు మీదుగా వచ్చేవాళ్లకి ముందు టౌన్ తగులుతుంది, తరవాత జంక్షన్. నిడదవోలు, తణుకు వైపు నుంచి వచ్చే లైను జంక్షన్‌లో కలుస్తుంది. ఎక్కడ ఎక్కుతున్నారో ఇంటి దగ్గరే తేల్చుకోండి, ఆఖరి నిమిషంలో ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి ఆటోలో పరిగెత్తే పని పెట్టుకోవద్దు.

టికెట్ విషయంలో రెండు మూడు రూల్సు తెలిసుండాలి. మెమూ, పాసింజరు రైళ్లలో కనీస ఛార్జీ 10 రూపాయలు, అదే ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో కనీసం 30. పాసింజరు టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టీసీ ఊరుకోడు, కాబట్టి ముందు వచ్చే రైలు ఏదో చూసుకుని దానికి తగ్గ టికెట్ తీసుకోండి. ఈ దూరాలకి అన్‌రిజర్వుడ్ టికెట్ తీసుకున్న మూడు గంటల్లోపు ప్రయాణం మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది, భీమవరం నుంచి నరసాపురానికి టికెట్ తీసుకుని మధ్యలో పాలకొల్లులో దిగి, గుడి చూసొచ్చి, అదే టికెట్‌తో మళ్లీ ఎక్కడం కుదరదు. బ్రేక్ జర్నీ అన్నది 500 కిలోమీటర్లు దాటిన టికెట్లకే. ఎక్కడెక్కడ దిగుతారో అక్కడిదాకా ముక్కముక్కలుగా కొనుక్కోండి, పాసింజర్లో పెద్ద ఖర్చేం కాదు. రైల్వే వాళ్ల రైల్‌వన్ యాప్‌లో టికెట్ తీసుకునేవాళ్లు స్టేషన్‌లోకి అడుగుపెట్టక ముందే, ఇంటి దగ్గరో ఆటోలోనో తీసుకోండి, ప్లాట్‌ఫాం మీద నిలబడి పేపర్‌లెస్ టికెట్ కొట్టబోతే తీసుకోదు.

కిటికీ పక్కన

భీమవరం నుంచి రైలు తూర్పుకి పోయి, పాలకొల్లు దాటాక దక్షిణానికి మళ్లుతుంది. పొద్దున్నే పోతుంటే భీమవరం, పాలకొల్లు మధ్య ఎడమ వైపు కూర్చోండి, ఎండ అటు తక్కువ. పాలకొల్లు తరవాత ఎండ ఎడమకి వచ్చేస్తుంది, కావాలంటే అప్పుడు కుడికి మారండి.

కిటికీలోంచి కనబడేది వరి ఒక్కటే కాదు. భీమవరం చుట్టుపక్కల చేలు పోయి చెరువులొచ్చాయి, రొయ్యల చెరువులు, చేపల చెరువులు, వాటి మీద నీళ్లకి గాలి అందిస్తూ తిరిగే ఏరియేటర్లు. నీళ్లు చిమ్ముతూ అవి తిరుగుతుంటే పిల్లలు సరదాగా చూస్తారు. వాటి వల్ల ఎన్నో కుటుంబాలు బాగుపడ్డాయి, పక్క చేలల్లో ఉప్పు ఊరి వరి దెబ్బతిన్న రైతులూ ఉన్నారు. ఈ రెండూ మనసులో పెట్టుకుని చూడండి. మిగిలిన చోట సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండు పంటలూ పండే నేల. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక వచ్చిన కాలువల పుణ్యం అది. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, అప్పుడు పోతే కాలువ అడుగు బురద కనిపిస్తుంది, పచ్చదనం ఉండదు. నన్నడిగితే ఆగస్టు చివరి నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం, మధ్యలో తుఫాను హెచ్చరికలున్న రోజులు తప్ప.

భీమవరంలో ఎక్కువసేపు ఆగకపోయినా గునుపూడి సోమారామం చూడండి. పంచారామాలనే ఐదు శివాలయాల్లో ఒకటి, అమావాస్యకి లింగం నల్లబడుతుందని, పౌర్ణమికి తెల్లబడుతుందని చెబుతారు. శివుడి గర్భగుడి పైన, మేడ మీద అన్నపూర్ణమ్మ గుడి ఉంటుంది, అలా ఇంకెక్కడా నేను చూడలేదు. మావుళ్లమ్మ గుడి ఎటూ ఊళ్లోనే. అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కంచు విగ్రహం 2022 జులై 4న ఇక్కడే ఆవిష్కరించారు, దారిలో చూసుకుంటూ పోవచ్చు.

శృంగవృక్షం, వీరవాసరం, లంకలకోడేరు, పాలకొల్లు దాటాక గోరింటాడ, ఇవన్నీ చిన్న స్టేషన్లు. వీటిలో చాలావాటి దగ్గర పాసింజర్లే ఆగుతాయి. పనిగట్టుకుని దిగక్కర్లేదు, కానీ ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ గమనించండి, ఈ లైను ఎవరి కోసం నడుస్తోందో అర్థమవుతుంది.

పాలకొల్లు: ఇక్కడ మాత్రం దిగాల్సిందే

ఖాళీ కడుపుతో దిగండి. పాలకొల్లులో దిబ్బరొట్టె తినకుండా పోతే ఈ ఊరు చూసినట్టు కాదు. మినప్పిండిలో ఇడ్లీ రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి, పిండి దిట్టంగా పోసి మూత పెడతారు. పాత పద్ధతిలో చేసేచోట మూత మీద కూడా నిప్పులేస్తారు. నిదానంగా కాలాలి, తొందరపెడితే లోపల పచ్చి వాసనొస్తుంది. దించాక కోస్తే పైన చుట్టూ ఎర్రగా, కరకరలాడే పెచ్చు, లోపల ఇడ్లీ కన్నా మెత్తగా ఆవిరి కక్కుతూ ఉంటుంది. చట్నీతో తింటారు, చెరకు పానకంతోనూ తింటారు. మొదటిసారి తినేవాళ్లు పానకంతో ఒక ముక్క తప్పకుండా రుచి చూడండి. ఎక్కడ బాగుంటుందో స్టేషన్ బయట ఆటో స్టాండులో అడగండి, ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంటుంది, గట్టిగా ఉంటుంది. అయిపోయిందంటే అయిపోయినట్టే, అందుకే పెందలాడే పోవాలి.

తరవాత క్షీరారామం. రామలింగేశ్వరస్వామి గుడి గోపురం తొమ్మిది అంతస్తులు, దగ్గర దగ్గర 120 అడుగుల ఎత్తు. కింద నిలబడి మెడ ఎత్తి ఒక్కో అంతస్తూ లెక్కపెట్టుకుంటూ పోతే పైకి పోయే కొద్దీ బొమ్మలు చిన్నవైపోతాయి. పంచారామాల్లో రెండు ఈ ఒక్క లైను మీదే ఉన్నాయి కాబట్టి కార్తీక సోమవారాల్లో, శివరాత్రికి జనం విపరీతంగా ఉంటారు. మామూలు రోజుల్లో పొద్దున్నే పోతే ప్రశాంతంగా తిరగొచ్చు. మధ్యాహ్నం గుడి కట్టేస్తారు, అది చూసుకుని పోండి.

ఈ ఊరు కొబ్బరి వ్యాపారానికి పెట్టింది పేరు. లారీలకి కాయలు ఎత్తే చోట కాసేపు నిలబడితే, చూడకుండానే చేత్తో తీసి విసురుతూ లెక్కపెట్టేవాళ్ల వేగం చూసి ఆశ్చర్యపోతారు. సినిమా అభిమానులకి ఒక మాట, అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు ఈ ఊరివాళ్లే.

రాత్రి ఉండాలనుకుంటే పాలకొల్లు నుంచే చించినాడ వంతెన మీదుగా ఏరు దాటితే దిండి వస్తుంది. గోదావరి ఒడ్డున కొబ్బరి తోటల్లో టూరిజం వాళ్ల రిసార్టు, ఇంకొన్ని ప్రైవేటువి, హౌస్‌బోట్లు ఉన్నాయి. పండగల ముందు రేట్లు బాగా పెరుగుతాయి. సంక్రాంతికైతే నెలల ముందే గదులు అయిపోతాయి, ఆ మూడు రోజులూ ఈ చుట్టుపక్కల రైళ్లలో కూడా కాలు పెట్టలేం.

నరసాపురం

చాలామంది స్టేషన్‌లో దిగి నేరుగా రేవుకో బస్టాండుకో పోతారు. నా మాట విని రెండు గంటలు ఊరికి కేటాయించండి.

గోదావరి ఒడ్డున వలంధర రేవుకి పోండి ముందు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఈ ఏటి మీద వర్తకం చేశారు, పక్కనున్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది, ఇక్కణ్ణుంచి నేత బట్ట ఓడలెక్కేది. నరసాపురంలో ఓడలు కూడా కట్టేవారు. ఆనాటివి ఇప్పుడు కట్టడాలుగా పెద్దగా కనబడవు, ఏరు కనబడుతుంది, దాని వెడల్పు చూస్తే ఓడలెందుకు ఇక్కడిదాకా వచ్చాయో అర్థమవుతుంది. రేవు నుంచి స్టీమర్ రోడ్డు వైపు నడుస్తూ, అడిగి ఎంబెరుమన్నార్ కోవెలకి పోండి. అల్లూరి సీతారామరాజు కొన్నాళ్లు చదువుకున్న టేలర్ హైస్కూలు కూడా ఈ ఊళ్లోదే.

లేసు గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు మెక్రేలు ఇక్కడి ఆడవాళ్లకి ఈ అల్లిక నేర్పారని చెబుతారు. అప్పట్నుంచి ఇది చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకింది. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. పక్కనే సీతారామపురంలో లేసు ట్రేడ్ సెంటర్ ఉంది. మధ్యాహ్నం పూట వంటపని అయ్యాక ఏ సందులోకి పోయినా అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని అల్లుతూ కనబడతారు. కొక్కెం లాంటి చిన్న సూది, ఎడమ చేతి చూపుడు వేలికి చుట్టిన దారం, చూపు ఒక్కోసారి వీధిలోనే ఉంటుంది, వేళ్లు మాత్రం ఆగవు. ఇంత పని చేసినా చాలామందికి దారం ఇచ్చి, అల్లినదాన్ని లెక్కకట్టి తీసుకుపోయే మధ్యవర్తుల ద్వారానే డబ్బు వస్తుంది, దానిలో వాళ్ల చేతికి దక్కేది తక్కువ. కాబట్టి కొనేటట్టయితే అల్లినవాళ్ల దగ్గరే అడిగి కొనండి, వాళ్లు చెప్పిన ధరకి బేరమాడకండి. ఫొటో తీసే ముందు "అమ్మా, తీసుకోవచ్చా" అని ఒక్క మాట అడగండి. పెద్దవి కొనలేకపోయినా ఒక టేబుల్ మ్యాటో, బల్ల గుడ్డో బ్యాగులో పట్టేస్తుంది.

పంటు ఎక్కి అవతలికి

అంతర్వేది పోవాలంటే మాధవాయిపాలెం రేవుకి ఆటోలో పోయి, పంటు మీద సఖినేటిపల్లి రేవుకి దాటాలి. ఏరు దాటితే జిల్లా మారిపోతుంది, అవతల కోనసీమ. పంటు ఒడ్డుకి ఆనగానే ఇనప పలక దభీమని కిందికి పడుతుంది, ముందు బైకులు, ఆ తరవాత కార్లు, వాటి సందుల్లో మనుషులు, పాల క్యాన్లు, కోళ్ల గంపలు. కారు దిగేటప్పుడు పలక పక్కన నిలబడకండి, పిల్లల చెయ్యి వదలకండి, అంచుకి ఆనుకుని సెల్ఫీలు వద్దు. టికెట్ మనిషికి వేరు, బండికి వేరు. ఇది సముద్రం దగ్గర ఏరు కాబట్టి పోటూ పాటూ ఉంటాయి, నీళ్లు బాగా తీసినప్పుడు, ఇసుక మేట వేసినప్పుడు పంటు ఆలస్యం కావచ్చు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎగువన వరదొస్తే పూర్తిగా ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవడమే. "ఆఖరి పంటు ఎన్నింటికండీ?" అని పోయేటప్పుడే రేవులో అడగండి, వచ్చేటప్పుడు కాదు.

సఖినేటిపల్లి రేవులో దిగితే అంతర్వేదికి ఆటోలు ఉంటాయి, కొన్నిసార్లు నిండేదాకా కదలవు. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, లైట్‌హౌస్ చూసి, అన్నాచెల్లెళ్ల గట్టు దాకా తప్పకుండా పోండి. వశిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే. నడక ఇసుకలో ఎక్కువ, చెప్పులు చేత్తో పట్టుకుని పోవాలి, నీళ్ల బాటిల్ ఉండాలి, నీడ ఉండదు. మాఘమాసంలో స్వామి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం. ఆ రోజుల్లో పోతే భక్తితో పోండి, ఊరు చూసే పని ఇంకో రోజుకి పెట్టుకోండి.

పేరుపాలెం

నరసాపురం బస్టాండు నుంచి మొగల్తూరు మీదుగా దారి. మొగల్తూరు చిరంజీవి పుట్టిన ఊరు, అది చెప్పకపోతే ఆటోవాళ్లే చెబుతారు. బస్సు దొరికితే బస్సే మేలు, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి. బీచ్‌కి బస్సులు తక్కువ, కాబట్టి నలుగురైదుగురు కలిస్తే రానూపోనూ ఆటో మాట్లాడుకోండి, అక్కడ ఎంతసేపు ఆగుతాడో, వెయిటింగ్‌కి ఎంతో ముందే తేల్చుకోండి, నరసాపురం తిరిగొచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి.

సముద్రం సంగతి కచ్చితంగా చెప్పాలి. ఇక్కడ అలలు లోపలికి లాగుతాయి, కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, ఈత వచ్చినవాళ్ల ప్రాణాలు కూడా పోయిన సందర్భాలున్నాయి. మోకాలి లోతు దాటొద్దు. పోలీసులో మత్స్యకారులో వద్దంటే వాదించొద్దు, ఆ నీళ్ల గురించి వాళ్లకి తెలిసినంత మనకి తెలీదు. కార్తీకంలో ఆదివారాలు వనభోజనాల జనంతో నిండిపోతుంది, నెమ్మదిగా చూడాలంటే మామూలు వారం రోజుల్లో పోండి. తెచ్చుకున్న ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు మళ్లీ సంచిలో వేసుకుని వెనక్కి తీసుకురండి, ఒడ్డున పడేస్తే పోటు నీళ్లు తీసుకుపోయి మళ్లీ వలల్లోకే తెస్తాయి.

తిండి విషయంలో కాలం చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం, అప్పుడు తాజా సముద్రపు చేప దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు, చెరువు రొయ్య మాత్రం ఎప్పుడూ ఉంటుంది. వరద రోజుల్లో పులస గురించి అందరూ మాట్లాడతారు, ధర వింటే చాలామంది మాటతోనే సరిపెట్టుకుంటారు. నా ఓటు చీరమీనుకి. అక్టోబరు, నవంబరుల్లో తూర్పుగాలి తిరిగినప్పుడు దొరికే సన్నటి చేప, ముక్కలు చెయ్యక్కర్లేదు, తూకం లేకుండా గ్లాసుతోనో తవ్వతోనో కొలిచి అమ్ముతారు. రేవు దగ్గర పొద్దున్నే దొరుకుతుంది. హోటల్లో అడిగి లాభం లేదు, ఎవరింట్లోనైనా చింతచిగురో మామిడికాయో వేసి వండితేనే దాని రుచి. చుట్టాలెవరైనా ఈ వైపు ఉంటే ఆ నెలల్లో ఫోన్ చేసి మరీ పోండి.

వెనక్కి వచ్చేటప్పుడు నరసాపురంలోనే ఎక్కండి, రైలు అక్కడే బయల్దేరుతుంది కాబట్టి ముందు పోతే కిటికీ సీటు దొరుకుతుంది. పాలకొల్లులో ఎక్కితే సాయంత్రం రైళ్లలో నిలబడాల్సి రావచ్చు. ఒకవేళ రైలు తప్పిపోతే కంగారు పడకండి, పాలకొల్లు, భీమవరం వైపు బస్సులుంటాయి, భీమవరం చేరితే అక్కణ్ణుంచి మళ్లీ రైలో బస్సో దొరుకుతుంది. బ్యాగులో ఛార్జింగున్న ఫోన్, ఐదొందల నోట్లు కాకుండా పదులూ ఇరవైలూ, ఒక తువ్వాలు ఉంటే చాలు. పంటులో, షేర్ ఆటోలో చిల్లర లేదంటే మాత్రం ఇబ్బంది పడతారు.